పాత లా పవోని యూరోపిక్కోలా: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఏం చేయాలి

ఇదే ఆలోచనలో ఉన్న మరొకరికి కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు మ్యూనిక్‌లో ఉంటున్నారు. అక్కడి సెకండ్‌హ్యాండ్ సైట్‌లో 1980ల నాటి లా పవోని యూరోపిక్కోలా, అంటే చేత్తో లివర్ నొక్కి ఎస్ప్రెసో కాఫీ తీసే ఇటలీ మెషిన్, ఒకటి 180 యూరోలకు కనిపించింది. "ఏళ్ళుగా సెల్లార్‌లో ఉంది, లోపల పెట్టినప్పుడు పనిచేసేది" అని అమ్మేవాళ్ళు రాశారు. కొనొచ్చా, మీ చేతులతో మీరే బాగుచేసుకోగలరా, రెండేళ్ళలో హైదరాబాద్ వచ్చేస్తే అక్కడ నడుస్తుందా అని అడిగారు.

కొనొచ్చు. బాగుచేసుకోనూ వచ్చు. అయితే ఫొటోలో క్రోమ్ ఎంత మెరుస్తోందన్నది చూసి కాదు. ఈ మెషిన్‌లో విలువ ఉన్నవి మూడే: ఇత్తడి బాయిలర్, లోపలి హీటింగ్ ఎలిమెంట్, ముందుకు పొడుచుకొచ్చి, వేడినీళ్ళను కాఫీ పొడిలోకి పంపే గ్రూప్ అనే ఇత్తడి ముద్ద. ఈ మూడూ బాగుంటే మిగతాదంతా రబ్బరు, వైర్లు, మీ ఓపిక. మూడింట్లో ఒకటి పోయినా 180 యూరోలు ఎక్కువే.

మోడల్ గురించి కాస్త తెలియాలి, లేకపోతే విడిభాగాలు తప్పుగా తెప్పించుకుంటారు. లా పవోని 1905లో మిలాన్‌లో మొదలైన కంపెనీ, 2019 నుంచి స్మెగ్ అనే ఇటలీ గృహోపకరణాల కంపెనీ చేతిలో ఉంది. యూరోపిక్కోలా 1961లో వచ్చింది. ఇప్పటికీ చాలావరకు అదే రూపంలో తయారవుతోంది కాబట్టే యాభై ఏళ్ళ మెషిన్‌కు కూడా వాషర్లు దొరుకుతున్నాయి. పాత మెషిన్లలో నేను ముందు దీని పేరే చెప్పడానికి సగం కారణం ఇదే. స్విట్జర్లాండ్‌లో 1967 నుంచి తయారవుతున్న ఒలింపియా క్రెమినా ఇంకా గట్టి మెషిన్, కానీ పాతది కూడా చాలా ఖరీదు పలుకుతుంది. ఇటలీ వాళ్ళ స్ప్రింగ్ లివర్ మెషిన్లు, ఉదాహరణకు ఎలెక్ట్రా మైక్రోకాసా, అందంగా ఉంటాయి కానీ మొదటిసారి విప్పేవాళ్ళకు నేను వద్దంటాను. బిగించి ఉన్న స్ప్రింగ్ సరైన పనిముట్టు లేకుండా విప్పితే దెబ్బ తగులుతుంది. యూరోపిక్కోలాలో స్ప్రింగ్ లేదు. లివర్‌కు పిన్ను, పిన్నుకు రాడ్, రాడ్‌కు పిస్టన్. మీ చెయ్యి ఎంత నొక్కితే కాఫీ మీద అంత ఒత్తిడి.

2000 ప్రాంతంలో గ్రూప్ మార్చారు. అంతకుముందు వాటిలో కాఫీ పొడి వేసే ఫిల్టర్ గిన్నె వెడల్పు 49 మిల్లీమీటర్లు, తర్వాతి వాటిలో 51. మీరు చూసింది నిజంగా 1980లదే అయితే 49 రకం. వాషర్ల కిట్, పొడిని నొక్కే ట్యాంపర్, ఫిల్టర్ గిన్నెలు అన్నీ దీన్నిబట్టే తెప్పించాలి. అమ్మేవాళ్ళు చెప్పే సంవత్సరాన్ని నమ్మకుండా స్కేలు పెట్టి కొలవండి. ఇంకొక తేడా కూడా ఉంది. పాత యూరోపిక్కోలాల్లో ప్రెజర్‌స్టాట్, అంటే ఒత్తిడిని బట్టి వేడిని ఆపి మళ్ళీ వెలిగించే స్విచ్, ఉండదు, ఎక్కువ వేడి, తక్కువ వేడి అని చేత్తో మార్చే స్విచ్ మాత్రమే ఉంటుంది. ఎక్కువలో పెట్టి, సేఫ్టీ వాల్వ్ సుయ్‌మనగానే తక్కువలోకి మార్చాలి. మరిచిపోయి పక్క గదిలోకి వెళ్ళకూడదు. ప్రెజర్‌స్టాట్ ఉన్నదైతే దానంతట అదే ఆగి మళ్ళీ అందుకుంటుంది. రెండూ మంచి కాఫీ ఇస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ప్రెజర్‌స్టాట్ ఉన్నదే వెతుక్కోండి.

ఇక చూడటానికి వెళ్ళినప్పుడు. జేబులో ఒక టార్చి, ఒక మల్టీమీటర్ పెట్టుకెళ్ళండి. మెషిన్ చల్లగా ఉందని నిర్ధారించుకున్నాక బాయిలర్ పైమూత విప్పి లోపలికి వెలుగు వేయండి. మ్యూనిక్ నీళ్ళు గట్టి నీళ్ళు, కాబట్టి గోడలకు, ఎలిమెంట్‌కు తెల్లటి గార కచ్చితంగా కనిపిస్తుంది. దానికి భయపడక్కర్లేదు. అక్కడక్కడ పచ్చటి చిలుము ఉన్నా పర్లేదు, అది పోతుంది. భయపడాల్సింది ఇత్తడి పసుపు రంగు పోయి గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే, లేదా వేలికి గుంటలు తగిలితే. ఇత్తడిలోని జింక్ కరిగిపోయి రాగి బెండులా మిగిలినప్పుడు ఆ రంగు వస్తుంది. అది ఆవిరి ఒత్తిడిని మోయాల్సిన పాత్ర. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఎలిమెంట్ గొట్టం ఎక్కడైనా ఉబ్బి, పగిలి, నల్లబడి ఉంటే నీళ్ళు లేకుండా వెలిగించారని అర్థం.

మల్టీమీటర్‌తో రెండు కొలతలు చాలు. మెషిన్ స్విచ్ ఆన్‌లో పెట్టి, ప్లగ్ గోడకు పెట్టకుండా, ప్లగ్ రెండు కాళ్ళ మధ్య ఓమ్స్ చూడండి. కింద పలక మీద వోల్టేజ్, వాట్లు రాసి ఉంటాయి. 220 వోల్టులకు 1000 వాట్లు అని ఉంటే ఎక్కువ వేడి స్థానంలో 48 ఓమ్స్ దగ్గర రావాలి. ఏమీ చూపించకపోతే ఎలిమెంట్ పోయి ఉండొచ్చు, లేదా వైరో స్విచ్చో తెగి ఉండొచ్చు. ఏదన్నది అక్కడ తేలదు, ధర తగ్గించమని అడగడానికి అది చాలు. రెండో కొలత ఇంకా ముఖ్యం. ప్లగ్ ఒక కాలికి, బాయిలర్ లోహానికి మధ్య మీటర్‌ను మెగా ఓమ్స్‌లో పెట్టి చూడండి, తర్వాత రెండో కాలితో. ఏ కదలికా ఉండకూడదు. ప్లగ్ ఎర్త్‌కు, బాయిలర్‌కు మధ్య మాత్రం సున్నాకు దగ్గరగా రావాలి. నీళ్ళు, కరెంటు, ఒళ్ళంతా లోహం, దాన్ని పట్టుకునే తడి చెయ్యి: ఈ కొలత సరిగ్గా రానిదే ఆ మెషిన్‌ను ఎక్కడా ప్లగ్‌లో పెట్టొద్దు. "ఒకసారి వేసి చూపిస్తాను" అని అమ్మే మనిషి ఉత్సాహపడినా వద్దనండి.

ఏళ్ళ తరబడి సెల్లార్‌లో ఉన్న ఎలిమెంట్‌కు ఒక ప్రత్యేకత ఉంది. గొట్టం లోపల తీగ చుట్టూ ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అప్పుడు మీటర్ కొద్దిగా లీకేజీ చూపిస్తుంది, వెలిగించగానే ఇంట్లో లీకేజీ బ్రేకర్ పడిపోతుంది. పోయిందనుకుని చాలామంది పారేస్తారు. ఎలిమెంట్ విప్పి, రబ్బరు వాషర్లు తీసేసి, ఓవెన్‌లో 100 డిగ్రీల పైన కొన్ని గంటలు ఎండబెట్టి చల్లారాక మళ్ళీ కొలవండి. చాలావాటిలో ఆ లీకేజీ పూర్తిగా పోతుంది. పోకపోతే ఎలిమెంట్ మార్చాల్సిందే, ఇక దానితో పోరాడొద్దు.

చేత్తో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. లివర్‌ను మెల్లగా ఎత్తి దించండి, పక్కలకు ఎంత ఊగుతుందో చూడండి. పిన్నులు అరిగితే మార్చుకోవచ్చు. పిన్ను కూర్చునే రంధ్రమే కోలగా అరిగిపోతే అది గ్రూప్‌కే దెబ్బ. పోర్టాఫిల్టర్, అంటే కాఫీ పొడి పట్టే హ్యాండిల్, తప్పకుండా మెషిన్‌తోపాటే ఉండాలి. పాత 49 రకం హ్యాండిల్ విడిగా కొనాలంటే మెషిన్ ధరలో మంచి వంతు దానికే పోతుంది. నీటి మట్టం చూపే గాజు గొట్టం పగిలినా, బేస్ అంచున కాస్త తుప్పు ఉన్నా పర్లేదు. బాయిలర్ బేస్‌ను కలిసే చోట తెల్లగా, పచ్చగా కారిన చారలుంటే కింది వాషర్ పోయిందని అర్థం, అది ఎలాగూ మారుస్తాం.

ఇంటికి తెచ్చాక మొదటి పని ఫొటోలు తీసుకోవడం. ప్రతి నట్టు విప్పే ముందు ఒకటి, విప్పాక ఒకటి. వైర్లకు కాగితం చీటీలు కట్టండి. బేస్ లోపల పాత వైర్ల ఇన్సులేషన్ చేత్తో వంచగానే పొడిగా రాలితే, వేడికి తట్టుకునే సిలికాన్ వైర్లు వేయించుకోండి. ఇందులో చెయ్యి తిరగకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి. ఇది మొహమాటపడే విషయం కాదు. 1960, 70ల మెషిన్ అయితే ఫ్లాంజ్, అంటే బోల్టులతో బిగించే అతుకు అంచుల మధ్య బూడిదరంగు నార లాంటి పాత వాషర్ కనిపించొచ్చు. ఆస్బెస్టాస్ అయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి దాన్ని పొడిగా గీకొద్దు. బాగా తడిపి, తడిగానే తీసి, కవర్‌లో కట్టి పారేయండి.

గ్రూప్‌ను బాయిలర్‌కు పట్టి ఉంచేవి రెండు బోల్టులు. గార పట్టి బిగుసుకుని ఉంటాయి. బలం పెట్టి తిప్పితే బోల్టు తలలో అలెన్ కీ కూర్చునే ఆరు మూలల గుంట గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్ తప్ప దారి ఉండదు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి ఉంచండి, అంచులు అరగని మంచి అలెన్ కీ వాడండి, కాస్త కదలగానే వెనక్కి బిగించి మళ్ళీ వదులు చేయండి. ఎలిమెంట్ మరతో బిగించే రకమైతే దానికి సరిపడే ప్రత్యేకమైన పానా అమ్ముతారు, అది కొనండి. పైపు పానాతో పట్టి తిప్పిన ఎలిమెంట్లు అంచులు నలిగిపోయి ఎన్నో కనిపిస్తాయి.

పిస్టన్ దగ్గర తొందరపడొద్దు. ఈ మెషిన్ ప్రాణం అక్కడే ఉంది. లివర్ పిన్నుల క్లిప్పులు తీసి లివర్ పక్కన పెట్టండి, రాడ్ పైన ఉన్న నట్లు విప్పండి. కింద గ్రూప్ రబ్బరును, జల్లెడ బిళ్ళను లాగేస్తే పిస్టన్ కింది నుంచే బయటికొస్తుంది. దాని చుట్టూ రెండు నల్లటి రబ్బరు వాషర్లు ఉంటాయి, ఒక్కోదానికి సన్నటి పెదవి ఉంటుంది. పాతవి గోటితో నొక్కితే రబ్బరులా లోపలికి పోవు, ప్లాస్టిక్‌లా టక్కుమంటాయి. వంచితే విరుగుతాయి. పిస్టన్ గాడిలో నల్లటి జిగురు, ఎన్నో ఏళ్ళ కాఫీ నూనె ఎండిపోయి కనిపిస్తుంది, వాసన కూడా అలాగే మొండిగా ఉంటుంది. ఎస్ప్రెసో యంత్రాలు కడిగే పొడిని వేడినీళ్ళలో కలిపి నానబెడితే అది వదిలిపోతుంది. గీకొద్దు, ముఖ్యంగా పిస్టన్ తిరిగే గోడ మీద ఏ లోహమూ తగలనివ్వొద్దు. అక్కడ పడిన గీత కొత్త రబ్బరును కోసేస్తుంది.

కొత్త వాషర్లు వేసేటప్పుడు దిశ ముఖ్యం. కింది దాని పెదవి కిందికి, కాఫీ వైపు చూడాలి. పై దాని పెదవి పైకి చూడాలి. కింది దాన్ని తిరగేసి పెడితే లివర్ నొక్కగానే నీళ్ళు పక్క నుంచి జారిపోతాయి, ఎంత నొక్కినా చేతికి బరువు తగలదు. పాతవి ఎలా ఉన్నాయో చూసి అలాగే పెట్టేయకండి, మీకన్నా ముందు విప్పినవాళ్ళు తిరగేసి పెట్టి ఉండొచ్చు. ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, మెలితిప్పుతూ మెల్లగా లోపలికి ఎక్కించండి. పెదవి మడతపడకుండా చూసుకోండి. రాడ్ చుట్టూ ఇంకొక చిన్న సీల్ ఉంటుంది. 1980ల మెషిన్లలో దాన్ని పట్టి ఉంచే క్లిప్పు గ్రూప్ లోతులో ఉంటుంది, క్లిప్పు ప్లయర్ లేకుండా రాదు. ఎగిరి కంటికి తగలొచ్చు, కళ్ళద్దాలు పెట్టుకోండి. లివర్ దగ్గర పై నుంచి నీటి బొట్లు కారే మెషిన్లన్నీ ఈ సీల్ మార్చడానికి బద్ధకించినవే.

గార తీయడానికి నిమ్మ ఉప్పు సరిపోతుంది. లీటరు గోరువెచ్చని నీళ్ళకు 25 గ్రాములు వేసి బాయిలర్‌లో పోయండి. ప్లగ్‌కు పెట్టొద్దు, మూత బిగించొద్దు. అరగంటకు వంచేసి చూడండి, ఇంకా ఉంటే మళ్ళీ కొత్త నీళ్ళతో చేయండి. రాత్రంతా నానబెడదామనే ఆలోచన మాత్రం వద్దు. మంచి ఇత్తడిని గులాబీ రంగులోకి మార్చేది అలాంటి ఆమ్లపు నానబెట్టడమే. చివర్లో మంచినీళ్ళతో పులుపు వాసన పోయేదాకా కడగండి. బయట క్రోమ్‌కు మెత్తటి గుడ్డ, పాలిష్ పేస్టు చాలు. క్రోమ్ లేచిపోయిన చోట ఇత్తడి కనిపిస్తే అలాగే వదిలేయండి. మళ్ళీ పూత వేయించడానికి అయ్యే ఖర్చు మెషిన్ ధరను దాటుతుంది, నా దృష్టిలో ఆ పసుపు కనిపించడమే అందం.

అంతా బిగించాక మొదటిసారి వెలిగించేటప్పుడు లీకేజీ బ్రేకర్ ఉన్న లైన్‌లోనే పెట్టండి. గాజు గొట్టంలో నీళ్ళు పై అంచుకు కాస్త కిందుగా ఉండాలి. ఎలిమెంట్ బయటపడేంత తగ్గితే కాలిపోతుంది. వేడెక్కుతుండగా ప్రతి అతుకు దగ్గరా పొడి టిష్యూ తాకించి చూడండి, తడి ఎక్కడుందో అదే చెబుతుంది. సేఫ్టీ వాల్వ్ మన కుక్కర్ విజిల్ లాంటిదే: ఒత్తిడి మరీ పెరిగినా అది ఎత్తుకోలేదంటే అన్నీ ఆపేసి వెంటనే ప్లగ్ పీకేయాలి. వాల్వ్ లోపలి స్ప్రింగ్, గుండు కూడా శుభ్రం చేసి ఉంచితే ఈ టెన్షన్ ఉండదు. ఒక్క విషయం మాత్రం ఎప్పటికీ మరవొద్దు. లోపల ఆవిరి ఉండగా పైమూత తిప్పకూడదు. మధ్యలో నీళ్ళు అయిపోతే స్విచ్ ఆపి, ఆవిరి గొట్టం తెరిచి ఆవిరంతా వదిలేసి, శబ్దం పూర్తిగా ఆగాకే మూత.

ఇక్కడ కొత్తవాళ్ళు తికమకపడే సంగతి ఒకటుంది. చల్లటి నీళ్ళతో మొదలుపెట్టినప్పుడు పైన గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది, ప్రెజర్‌స్టాట్ సరిపోయిందనుకుని ఆగిపోతుంది. నీళ్ళు మాత్రం ఇంకా తగినంత వేడెక్కి ఉండవు. కాబట్టి ఒత్తిడి రాగానే ఆవిరి గొట్టం కొన్ని సెకన్లు తెరవండి. ముందు తడితడిగా తుంపరలు పడతాయి, తర్వాత గట్టి పొడి ఆవిరి వస్తుంది. అప్పుడు మూసేయండి, మళ్ళీ ఎక్కనివ్వండి. ఆ రెండోసారి వచ్చిందే నిజమైన ఒత్తిడి. 0.8 బార్ దగ్గర బాయిలర్‌లో నీళ్ళు 117 డిగ్రీల ప్రాంతంలో ఉంటాయి. కాఫీకి అది చాలా ఎక్కువ. ఆ వేడిని తగ్గించేది గ్రూప్‌లోని ఇత్తడి. అందుకే మొదటి కప్పు పుల్లగా, నాలుగోది మాడు చేదుగా వస్తుంది: మొదట్లో గ్రూప్ చల్లగా ఉంటుంది, పోనుపోను అదే కాలిపోతుంది. గ్రూప్ మీద అతికించే చిన్న థర్మామీటర్ పట్టీ కొనండి. 85 డిగ్రీల ప్రాంతంలో ఉన్నప్పుడు కాఫీ తీయండి, దాటితే తడిగుడ్డ చుట్టి దించండి. వరసగా ఆరుగురికి కాఫీ పెట్టాల్సిన ఇల్లయితే ఈ మెషిన్ సరైనది కాదు, ముందే తెలిస్తే మంచిది.

తీసే పద్ధతి: 14 గ్రాముల పొడి, సమంగా నొక్కి, హ్యాండిల్ బిగించి, లివర్ పూర్తిగా పైకెత్తండి. కొన్ని సెకన్లు ఆగితే పొడి తడుస్తుంది, కింద మొదటి చుక్కలు కనిపిస్తాయి. అప్పుడు ఒకే బలంతో, కుదుపు లేకుండా కిందికి నొక్కండి. తేలిగ్గా కిందికి పడిపోతే పొడి లావైంది, బిగుసుకుంటే మరీ సన్నమైంది. బిగుసుకున్నప్పుడు లివర్‌ను బలవంతంగా పైకి లాగొద్దు. తీశాక కూడా హ్యాండిల్ వెంటనే విప్పొద్దు, లోపలి ఒత్తిడితో వేడి పొడి మొహం మీదికి చిమ్ముతుంది. ఒక నిమిషం ఆగి, హ్యాండిల్ కొద్దిగా మాత్రమే తిప్పి ఒత్తిడి పోనిచ్చాక తీయండి. పొడి ఎంత సన్నగా ఉండాలన్నది మెషిన్ కన్నా మీ గ్రైండర్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. బడ్జెట్‌లో దానికి కూడా డబ్బు మిగుల్చుకోండి. ఎస్ప్రెసోకు సరిపడే మంచి చేతి గ్రైండరైనా చాలు.

మన ఇళ్ళల్లో ఫిల్టర్ కాఫీ పొడి దీనిలో వేయొద్దు. చికోరీ కలిసిన పొడి నీళ్ళు తగలగానే ఉబ్బి జిగురులా పట్టేస్తుంది, జల్లెడ పూడుకుపోతుంది, ఆ జిగురు పిస్టన్ రబ్బరు దాకా పోతుంది. చికోరీ లేని గింజలు కొనుక్కోండి. అరకు అరబికా గింజలు కాస్త ముదురుగా వేయించినవైతే ఈ మెషిన్‌కు బాగా నప్పుతాయి, మరీ లేత రోస్ట్ అయితే పులుపు ముందుకొస్తుంది. పాలు ఎక్కువ కలుపుకునేవాళ్ళు కొంత రోబస్టా ఉన్న మిశ్రమం వేస్తే నురుగు చిక్కగా వస్తుంది, డికాషన్ రుచికి అలవాటైన నాలుకకు అదే దగ్గరగా ఉంటుంది.

హైదరాబాద్ సంగతి. జర్మనీలోనూ, ఇండియాలోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ఇదే మెషిన్ అమెరికాలో కొన్నవాళ్ళు జాగ్రత్తపడాలి. అక్కడి ఎలిమెంట్ 120 వోల్టులది, మన కరెంటులో పెడితే మూడున్నర రెట్లకు పైగా వేడెక్కి నిమిషాల్లో పోతుంది. జర్మనీ ప్లగ్‌తో ఇంకొక ప్రమాదం ఉంది. దాని రెండు గుండ్రటి కాళ్ళు మన సాకెట్లలోకి దూరతాయి, మెషిన్ నడుస్తుంది, కానీ ఎర్త్ మాత్రం తగలదు. ఎర్త్ పట్టీలు దాని పక్కలకు ఉంటాయి, మనకు ఎర్త్ మూడో కాలిలో ఉంటుంది. ఇండియాలో దిగగానే ఆ ప్లగ్ కోసేసి మూడు కాళ్ళ ప్లగ్ వేయించండి, ఆ సాకెట్‌లో నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. బోరు నీళ్ళు బాయిలర్‌లో పోయొద్దు, తేలికపాటి నీళ్ళు వాడితే గార తీసే పనే తగ్గుతుంది. బయలుదేరే ముందు ఒక పూర్తి వాషర్ల కిట్, ఒక గాజు గొట్టం, గ్రూప్ రబ్బర్లు రెండు అదనంగా కొని పెట్టెలో వేసుకోండి. యూరప్‌లో ఇవి ఇట్టే దొరుకుతాయి. అక్కడికి వెళ్ళాక ఒక్క రబ్బరు కోసం వారాల తరబడి మెషిన్ మూలన పడి ఉండటం బాధగా ఉంటుంది. తీసుకెళ్ళేటప్పుడు బాయిలర్ పూర్తిగా ఆరబెట్టి, లివర్ విప్పి విడిగా చుట్టండి. సామానులో దెబ్బ తగిలితే ముందు వంగేది లివర్ పిన్నులే.